సీసీఎన్ఏ రాయాలనుకుంటున్నారా? పాతికవేలు కట్టేముందు ఇది చదవండి

వైఫై 7 ఉన్న ఫోన్ కొంటాం. ఇంట్లో మాత్రం ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఊరికే వచ్చిన పాత రౌటర్ ఉంటుంది. స్పీడ్ రాకపోతే ఫోన్‌ని తిడతాం. ప్రాసెసర్ గురించి, కెమెరా సెన్సర్ గురించి గంటలు గంటలు మాట్లాడే మనలో చాలామందికి, ఆ ఫోన్ నుంచి బయటికెళ్ళిన డేటా ఎటు పోతుందో, ఎలా తిరిగొస్తుందో తెలీదు. అది తెలుసుకోవాలనే ఆసక్తి ఉండి, దాంతో ఒక ఉద్యోగం కూడా వస్తే బాగుండు అనుకునేవాళ్ళ ముందు సాధారణంగా కనిపించే మొదటి మెట్టు సీసీఎన్ఏ.

నేను నెట్‌వర్క్ ఇంజనీర్‌ని కాదు, కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. అయినా సీసీఎన్ఏ చదివి రాశాను. కారణం సింపుల్: మా అప్లికేషన్‌కి ఏదైనా సమస్య వస్తే సగం సార్లు మాట "నెట్‌వర్క్ టీమ్‌ని అడగండి" దగ్గర ఆగిపోయేది. ఆ టీమ్ వాళ్ళు చెప్పేది అర్థం కావాలంటే వాళ్ళ భాష రావాలి కదా. అప్పటి నుంచి కాలేజీ జూనియర్లు, చుట్టాల పిల్లలు ఒకటే అడుగుతున్నారు: "అన్నా, కోచింగ్‌కి ఎంత కట్టాలి? ఎన్ని రోజుల్లో అయిపోద్ది?" అడిగేవాళ్ళలో చాలామంది కట్టబోయేది నాన్న జీతంలోంచి మిగిల్చిన డబ్బు. అందుకే ఈ ఆర్టికల్ కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు లెక్కలు: పరీక్ష గురించి పక్కా విషయాలు

సీసీఎన్ఏ అంటే సిస్కో సర్టిఫైడ్ నెట్‌వర్క్ అసోసియేట్. పరీక్ష కోడ్ 200-301. 2020 ఫిబ్రవరి 24న సిస్కో తన పాత సీసీఎన్ఏ వెరైటీల్లో చాలావాటిని కలిపి ఈ ఒక్క పరీక్షగా మార్చింది. 2024 ఆగస్టు 20 నుంచి 1.1 వెర్షన్ సిలబస్ నడుస్తోంది. సమయం 120 నిమిషాలు. ఫీజు 300 డాలర్లు, పన్నులు అదనం. అంటే మన రూపాయల్లో పాతికవేల పైమాటే. పాసైతే సర్టిఫికేట్ మూడేళ్ళు చెల్లుతుంది. డిగ్రీ ఉండాలి, ముందు ఇంకో పరీక్ష రాసుండాలి లాంటి రూల్స్ ఏమీ లేవు. ఇంటర్ చదివేవాళ్ళు కూడా మొదలుపెట్టొచ్చు.

మార్కుల బరువు ఇలా ఉంటుంది: నెట్‌వర్క్ ఫండమెంటల్స్ 20 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్ 20, ఐపీ కనెక్టివిటీ 25, ఐపీ సర్వీసెస్ 10, సెక్యూరిటీ ఫండమెంటల్స్ 15, ఆటోమేషన్ అండ్ ప్రోగ్రామబిలిటీ 10. మొదటి మూడే కలిపి 65 శాతం. ఎక్కడ ఎక్కువ టైమ్ పెట్టాలో దీన్నిబట్టే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. సీనియర్ల పెన్‌డ్రైవ్‌లలో, సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపుల్లో ఇంకా 200-125 అనే పాత పరీక్ష మెటీరియల్ తిరుగుతోంది. అందులోని ఈఐజీఆర్‌పీ కాన్ఫిగరేషన్ లాంటివి ఇప్పుడు సిలబస్‌లో లేవు. ఇప్పుడున్న ఆటోమేషన్ పాఠాలు అందులో లేవు. పుస్తకం అట్ట మీద 200-301 అని ఉందో లేదో చూసుకున్నాకే చేతిలోకి తీసుకోండి.

కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్ సంగతేంటి అని కూడా అడుగుతుంటారు. అది ఏ ఒక్క కంపెనీకీ చెందని జనరల్ పరీక్ష, మంచిదే. కానీ సీసీఎన్ఏలో చేత్తో కాన్ఫిగర్ చేయాల్సింది ఎక్కువ. ఇక్కడి ఉద్యోగ ప్రకటనల్లో నాకు ఎక్కువగా కనిపించే పేరు కూడా సీసీఎన్ఏనే. ఒక్కదానికే డబ్బులుంటే నేను దీనికే ఓటేస్తాను.

సిలబస్ మీ ఫోన్‌లోనే ఉంది

సిలబస్ డాక్యుమెంట్ చూస్తే భయమేస్తుంది. యాభైకి పైగా అంశాలు, అన్నీ పొడి అక్షరాలే. అందుకని ఇంకోలా చూద్దాం. మీరు ఇంటికొచ్చి, ఫోన్ వైఫైకి కనెక్ట్ అయ్యి, ఒక వీడియో తెరిచారు. ఈ రెండు సెకన్లలో ఏం జరిగింది?

మొదట ఫోన్ గాల్లో ఉన్న సిగ్నల్స్‌లో మీ రౌటర్‌ని గుర్తుపట్టి, పాస్‌వర్డ్ ఆధారంగా డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 పద్ధతిలో తాళం తీసుకుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్ళు 1, 6, 11 అన్న విషయం ఇక్కడే వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో వైఫై అనలైజర్ యాప్ తెరిచి చూడండి, పక్కింటివాళ్ళు 3లోనో 4లోనో కూర్చుని రెండు వైపులా పాడుచేస్తుంటారు. ఇదంతా వైర్‌లెస్, సెక్యూరిటీ పాఠం.

తర్వాత ఫోన్‌కి ఐపీ అడ్రస్ కావాలి. "ఎవరైనా ఉన్నారా?" అని కేకేసింది, రౌటర్ "ఈ అడ్రస్ తీసుకో" అంది, ఫోన్ "సరే, ఇదే తీసుకుంటా" అంది, రౌటర్ "ఖాయం" అంది. డీహెచ్‌సీపీలో డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అని నాలుగు మెసేజ్‌లు బట్టీ పట్టేది దీన్నే. విండోస్ లాప్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపించిందంటే ఆ కేకకి ఎవరూ పలకలేదని అర్థం.

తర్వాత డీఎన్ఎస్ ద్వారా వీడియో సర్వర్ అడ్రస్ తెలిసింది. ఫోన్ తన సబ్‌నెట్ మాస్క్‌తో లెక్కేసుకుని, "ఇది మన వీధిలోది కాదు, గేట్‌వేకి ఇవ్వాలి" అని తేల్చుకుంది. గేట్‌వే మ్యాక్ అడ్రస్ కోసం ఏఆర్‌పీ అడిగింది. రౌటర్ ఆ ప్యాకెట్ తీసుకుని, మీ 192.168 అడ్రస్ బయట ప్రపంచంలో చెల్లదు కాబట్టి, న్యాట్ చేసి తన బయటి అడ్రస్‌తో పంపింది. అక్కడి నుంచి ఒక్కో రౌటర్ తన రూటింగ్ టేబుల్ చూసి ముందుకు తోసింది.

ఇదే ఫోన్‌ని మొబైల్ డేటా మీద పెట్టి సెట్టింగ్స్‌లో ఐపీ అడ్రస్ చూడండి. చాలామందికి 2తో మొదలయ్యే, కోలన్లతో ఉన్న పొడుగాటి ఐపీవీ6 అడ్రస్ కనిపిస్తుంది. అదీ సిలబస్సే. ఒక్క వీడియో ప్లే అవ్వడంలో ఇంత ఉంది. కొత్త టాపిక్ చదివిన ప్రతిసారీ "ఇది ఆ రెండు సెకన్లలో ఎక్కడొస్తుంది?" అని ప్రశ్న వేసుకుంటే బట్టీ పట్టాల్సింది సగం తగ్గుతుంది.

సబ్‌నెట్టింగ్: బైనరీ లేకుండా ఇరవై సెకన్లలో

చాలామంది ఇక్కడే వదిలేస్తారు. బీటెక్‌లో బైనరీ టేబుల్ గీసి, ఆండ్ ఆపరేషన్ చేసి, పేజీ నింపి మార్కులు తెచ్చుకుంటాం. పరీక్ష హాల్లో అంత టైమ్ ఉండదు. నేను వాడే పద్ధతి ఇది.

192.168.5.77/27 ఏ నెట్‌వర్క్‌లో ఉంది? /27 అంటే మాస్క్ చివర 224. 256లోంచి 224 తీసేస్తే 32. అదే బ్లాక్ సైజు. 32 ఎక్కం: 0, 32, 64, 96. 77 ఉన్నది 64కీ 96కీ మధ్యలో. కాబట్టి నెట్‌వర్క్ 192.168.5.64. తర్వాతి బ్లాక్‌కి ఒకటి తక్కువ 95, అది బ్రాడ్‌కాస్ట్. మధ్యలో 65 నుంచి 94 వరకు 30 పరికరాలకి ఇవ్వొచ్చు. అయిపోయింది.

కొంచెం కష్టమైనది: 172.16.37.200/20. మాస్క్ 255.255.240.0. లెక్క మూడో భాగంలో చేయాలి. 256లోంచి 240 పోతే 16. 16 ఎక్కంలో 0, 16, 32, 48. 37 ఉన్నది 32లో. నెట్‌వర్క్ 172.16.32.0, బ్రాడ్‌కాస్ట్ 172.16.47.255. చివర ఉన్న 200ని చూసి కంగారు పడక్కర్లేదు, దానికి ఈ లెక్కతో పనే లేదు.

ఇదే చేత్తో వైల్డ్‌కార్డ్ మాస్క్ కూడా వచ్చేస్తుంది. 255లోంచి మాస్క్‌లోని ఒక్కో భాగాన్నీ తీసేయండి: /27కి 0.0.0.31, /20కి 0.0.15.255. ఓఎస్‌పీఎఫ్‌లో, యాక్సెస్ లిస్టుల్లో కావాల్సింది ఇదే.

రోజుకి పది లెక్కలు, నలభై రోజులు. బస్సులో, మెట్రోలో, క్యాంటీన్ క్యూలో. దీనికి కోచింగ్ అక్కర్లేదు, ఎక్కం వస్తే చాలు.

ల్యాబ్ కోసం ఏ లాప్‌టాప్, ఏ సాఫ్ట్‌వేర్?

శుభవార్త ఏంటంటే దీని కోసం కొత్త లాప్‌టాప్ కొనక్కర్లేదు. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో అకౌంట్ తెరిస్తే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. విండోస్, మ్యాక్, ఉబుంటు మూడింటికీ ఉంది. ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. సీసీఎన్ఏ ల్యాబ్స్‌లో దాదాపు అన్నీ దీంట్లోనే చేసేయొచ్చు. కాకపోతే ఇది సిమ్యులేటర్ కాబట్టి అసలు పరికరంలో ఉండే కమాండ్లు అన్నీ ఉండవు.

అసలు సిస్కో సాఫ్ట్‌వేర్ మీద చేయాలనుకుంటే సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ ఉచిత ఎడిషన్ ఉంది, ఐదు నోడ్‌ల వరకు నడపొచ్చు. జీఎన్ఎస్3, ఈవ్-ఎన్‌జీ కూడా బాగుంటాయి. వీటికి 16 జీబీ ర్యామ్ ఉంటే మంచిది. ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్‌బుక్ వాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి: ఈ ల్యాబ్స్ ఎక్కువగా ఎక్స్86 ప్రాసెసర్ కోసం తయారైనవి, అవి మీ మెషీన్‌లో నేరుగా నడవవు. మీకు ప్యాకెట్ ట్రేసర్ చాలు. సిస్కో ఇమేజ్‌ల కోసం ఏవేవో సైట్లలో వెతికి ఫైళ్ళు దించకండి. లైసెన్స్ ఉండదు, అందులో ఇంకేం ఉందో చెప్పలేం.

నిజమైన స్విచ్ కావాలా? ముచ్చటపడితే సెకండ్ హ్యాండ్ క్యాటలిస్ట్ 2960 ఒకటి, యూఎస్‌బీ కన్సోల్ కేబుల్ ఒకటి కొనుక్కోండి. పుట్టీ తెరిచి, స్పీడ్ 9600 పెట్టి, బూట్ మెసేజ్‌లు మొదటిసారి స్క్రీన్ మీద పరిగెత్తడం చూడ్డం బాగుంటుంది. కానీ బెడ్‌రూమ్‌లో పెట్టకండి, ఫ్యాన్ మోతకి ఇంట్లోవాళ్ళు మిమ్మల్నీ స్విచ్‌నీ కలిపి బయటపెడతారు. పరీక్ష పాసవ్వడానికి మాత్రం ఇది తప్పనిసరి కాదు.

కట్టడం అందరూ కడతారు, చెడగొట్టి బాగుచేయండి

ట్రైనింగ్ వీడియోలో చూపించినట్టే కమాండ్లు కొట్టి, పింగ్ వెళ్ళగానే ల్యాబ్ మూసేస్తే నేర్చుకున్నది టైపింగ్ మాత్రమే. అసలు ల్యాబ్ పింగ్ వెళ్ళాక మొదలవుతుంది. ఒక ఉదాహరణ చెప్తాను.

ప్యాకెట్ ట్రేసర్‌లో ఒక 2960 స్విచ్, ఒక రౌటర్, నాలుగు పీసీలు పెట్టండి. రెండు పీసీలు వీల్యాన్ 10లో, రెండు వీల్యాన్ 20లో. స్విచ్ నుంచి రౌటర్‌కి ఒకే కేబుల్, అది ట్రంక్. రౌటర్‌లో ఆ ఒక్క ఇంటర్‌ఫేస్ మీద రెండు సబ్‌ఇంటర్‌ఫేస్‌లు, ఒక్కో వీల్యాన్‌కి ఒక గేట్‌వే. దీన్నే రౌటర్ ఆన్ ఎ స్టిక్ అంటారు. రౌటర్ ఇంటర్‌ఫేస్‌లు మొదట్లో ఆఫ్‌లోనే ఉంటాయి, నో షట్‌డౌన్ కొట్టడం మర్చిపోవద్దు. వీల్యాన్ 10 పీసీ నుంచి వీల్యాన్ 20 పీసీకి పింగ్ చేయండి. మొదటి ఒకటి రెండు పింగ్‌లు ఫెయిలై తర్వాతవి వెళ్తే భయపడకండి, ఏఆర్‌పీ పని పూర్తయ్యేలోపు అవి పోయాయి, అంతే.

ఇప్పుడు ఒక ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, మీరు చూడకుండా ఒక్కటి పాడుచేయమనండి.

ట్రంక్‌లో అనుమతించిన వీల్యాన్ల లిస్టులోంచి 20 తీసేశాడనుకోండి. వీల్యాన్ 20లోని రెండు పీసీలు ఒకదానికొకటి పింగ్ అవుతాయి, గేట్‌వేకి మాత్రం వెళ్ళదు. షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ కొడితే దొరుకుతుంది. సబ్‌ఇంటర్‌ఫేస్‌లో డాట్1క్యూ 20 బదులు 30 పెట్టినా లక్షణం అచ్చం అదే, కానీ ట్రంక్ శుభ్రంగా కనిపిస్తుంది. అప్పుడు రౌటర్‌లో షో రన్నింగ్-కాన్ఫిగ్ చూడాలి. ఒక పీసీలో డిఫాల్ట్ గేట్‌వే తప్పు కొడితే, ఆ ఒక్క పీసీ తన వీల్యాన్ వరకు బాగానే ఉంటుంది, బయటికి వెళ్ళలేదు, పక్క పీసీ మాత్రం వెళ్తుంది.

చూశారా, మూడు రోగాలు, పైకి కనిపించేది ఒకటే: "నెట్ రావట్లేదు." ఎక్కడిదాకా వెళ్తోంది, ఎక్కడ ఆగింది, ఒక్కరికేనా అందరికా? ఈ మూడు ప్రశ్నలతో వెతుకులాట సగానికి తగ్గుతుంది. ఉద్యోగంలో మీకు జీతమిచ్చేది దీనికే.

ఓఎస్‌పీఎఫ్‌కి కూడా ఇలాగే చేయండి. ఒక వైపు హలో టైమర్ మార్చండి, నైబర్ కనిపించదు. ఏరియా నంబర్ మార్చండి, అప్పుడూ కనిపించదు. రెండు వైపులా ఎంటీయూ తేడాగా ఉంటే నైబర్ ఎక్స్‌స్టార్ట్ దగ్గర ఇరుక్కుంటుంది. ఇది జీఎన్ఎస్3 లాంటి వాటిలో చేసి చూడండి. ఈ లక్షణాలు కళ్ళతో చూసినవాడికి పరీక్షలో ఆ ప్రశ్న పది సెకన్ల పని.

చాలామంది తికమకపడే ఒక ప్రశ్న

రూటింగ్ టేబుల్లో రెండు దారులున్నాయి. 10.1.0.0/16 ఓఎస్‌పీఎఫ్ నుంచి, 10.1.5.0/24 రిప్ నుంచి. ప్యాకెట్ 10.1.5.9కి వెళ్ళాలి. ఏ దారి?

ఓఎస్‌పీఎఫ్ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 110, రిప్‌ది 120, తక్కువదే గొప్ప కాబట్టి ఓఎస్‌పీఎఫ్ అని చాలామంది టిక్ పెట్టేస్తారు. జవాబు రిప్ దారి. ప్యాకెట్‌ని పంపేటప్పుడు రౌటర్ చూసేది ఎక్కువ బిట్లు కలిసిన దారిని, అంటే /24ని. అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ పనిచేసేది ఒకే నెట్‌వర్క్, ఒకే మాస్క్ గురించి ఇద్దరు చెప్పినప్పుడు, ఎవరి మాట టేబుల్లో పెట్టుకోవాలో తేల్చడానికి. "విజయవాడ అటు" అనే బోర్డుకన్నా "బెంజ్ సర్కిల్ ఇటు" అనే బోర్డుకి విలువెక్కువ, మీరు వెళ్ళేది బెంజ్ సర్కిల్‌కే అయితే. రెండు బోర్డులూ బెంజ్ సర్కిల్ గురించే చెప్తే, అప్పుడు ఏ బోర్డుని నమ్మాలన్నది వేరే ప్రశ్న.

కోచింగా, సొంతంగానా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల నడిచినవాళ్ళకి తెలుసు, కరపత్రం అందకుండా పది అడుగులు వేయలేం. అక్కడ బాగా చెప్పేవాళ్ళున్నారు. ప్రశ్న అది కాదు, మీకు అవసరమా లేదా అన్నది.

సొంతంగా చదవడానికి కావాల్సినవన్నీ ఉన్నాయి. యూట్యూబ్‌లో జెరెమీస్ ఐటీ ల్యాబ్ వాళ్ళ సీసీఎన్ఏ కోర్సు మొత్తం ఉచితం, ల్యాబ్ ఫైళ్ళతో సహా. పుస్తకం కావాలంటే వెండెల్ ఓడమ్ రాసిన అఫీషియల్ సర్ట్ గైడ్ రెండు సంపుటాలు. లావుగా ఉంటుంది, సందేహం వచ్చినప్పుడు తీసి చూసుకునే పుస్తకంగా వాడండి. గుర్తుండాల్సిన పోర్ట్ నంబర్లు, టైమర్ల కోసం ఆంకీ కార్డులు వాడండి. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ ఉచితం, ఐఫోన్‌లో డబ్బులు కట్టాలి.

రోజూ కూర్చునే అలవాటు లేకపోతే, ఒకరు వెనకాల పడితే తప్ప చదవలేకపోతే, కోచింగ్‌కి వెళ్ళండి. తప్పులేదు. కానీ కట్టేముందు మూడు అడగండి. రోజుకి ఎంతసేపు నేను కీబోర్డ్ మీద ఉంటాను? డెమో క్లాస్‌లో ఆటోమేషన్ పాఠం చెప్తారా? పరీక్ష ఫీజు ప్యాకేజీలో ఉందా, విడిగానా? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

డంప్స్ గురించి మొహమాటం లేకుండా

మా బాబాయ్ కొడుకు ఒకచోట డెమో క్లాస్‌కి వెళ్ళొచ్చి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ల్యాబ్స్ వద్దంటున్నారు. చివరి పది రోజులు ఒక పీడీఎఫ్ ఇస్తారంట, అది బట్టీ పడితే నూటికి నూరు శాతం పాస్ అంట." వాడు వింటున్నది దొంగిలించిన ప్రశ్నల గురించి. అవే బ్రెయిన్ డంప్స్.

తప్పొప్పులు పక్కన పెట్టి నష్టం లెక్క చూద్దాం. పరీక్ష రాసేముందు సిస్కో ఒప్పందానికి మీరు ఓకే కొడతారు. డంప్స్ వాడినట్టు తేలితే స్కోరు రద్దు చేయొచ్చు, సర్టిఫికేట్ వెనక్కి తీసుకోవచ్చు, మళ్ళీ రాయకుండా ఆపేయొచ్చు. పైగా ఆ పీడీఎఫ్‌లలో జవాబులు తప్పుగా ఉండడం మామూలే.

సరే, దొరకలేదనుకుందాం. తర్వాత ఇంటర్వ్యూ ఉంది. మా కంపెనీలో ఒకసారి ఇంటర్వ్యూ ప్యానెల్‌లో నన్నూ కూర్చోబెట్టారు. రెజ్యూమెలో సీసీఎన్ఏ, మంచి స్కోరు. అడిగింది ఒకటే: "ఒకే స్విచ్‌కి రెండు పీసీలు పెట్టారు, ఒకటి వీల్యాన్ 10, ఒకటి వీల్యాన్ 20. రెండిటికీ 192.168.1 సిరీస్ అడ్రస్‌లే, మాస్క్ /24. పింగ్ వెళ్తుందా?" ఆ అబ్బాయి "అడ్రస్‌లు ఒకే నెట్‌వర్క్ కాబట్టి వెళ్తుంది" అన్నాడు. వెళ్ళదు. పీసీ ఏఆర్‌పీ కేక వేస్తుంది, కానీ ఆ కేక వీల్యాన్ 10 గోడ దాటి అవతలికి వినపడదు. ఆ తర్వాతి ప్రశ్నలకి అతని గొంతే మారిపోయింది. బయటికెళ్ళేటప్పుడు అన్నాడు, "సార్, మా ఇన్‌స్టిట్యూట్‌లో స్విచ్ ఎప్పుడూ చూపించలేదు" అని. ఫీజు కట్టాడు, సర్టిఫికేట్ వచ్చింది, ఉద్యోగం రాలేదు. అందులో మోసపోయింది ఎవరో నాకైతే స్పష్టంగానే కనిపించింది.

తమ్ముడికి ఇదే చెప్పాను. వాడు ఆ డబ్బు దాచుకుని ఇంట్లోనే ప్యాకెట్ ట్రేసర్ మొదలుపెట్టాడు. ఈమధ్య ఫోన్ చేస్తే హలో కూడా అనకుండా "అన్నయ్యా, నేటివ్ వీల్యాన్ రెండు వైపులా వేరేగా ఉంటే ఏమవుద్ది?" అంటున్నాడు.

నాలుగు నెలల ప్లాన్

రోజుకి రెండు గంటలు దొరుకుతాయనుకుని వేసిన లెక్క ఇది. ఒక గంట పాఠం, ఒక గంట ల్యాబ్.

మొదటి నెల: ఫండమెంటల్స్, సబ్‌నెట్టింగ్, స్విచ్ మ్యాక్ టేబుల్ ఎలా నింపుకుంటుందో, వీల్యాన్, ట్రంక్.

రెండో నెల: స్పానింగ్ ట్రీ, ఈథర్‌ఛానెల్, స్టాటిక్ రూటింగ్, ఓఎస్‌పీఎఫ్. నాలుగింట్లో బరువైన నెల ఇదే. వెనకబడితే కంగారు పడక ఇంకో వారం తీసుకోండి.

మూడో నెల: ఐపీవీ6, డీహెచ్‌సీపీ, న్యాట్, ఎన్‌టీపీ, యాక్సెస్ లిస్టులు, పోర్ట్ సెక్యూరిటీ, డీహెచ్‌సీపీ స్నూపింగ్, వైర్‌లెస్. యాక్సెస్ లిస్ట్ చివర కనిపించని ఒక "అందరినీ ఆపు" లైన్ ఉంటుందని గోడ మీద రాసిపెట్టుకోండి.

నాలుగో నెల: మొదటి రెండు వారాలు ఆటోమేషన్. కోడింగ్ వచ్చిన మనకి ఇది లాభం: జేసన్ చదవడం, రెస్ట్ ఏపీఐ, ఆన్సిబుల్, టెరాఫామ్ ఏం చేస్తాయో తెలిస్తే 10 శాతం మార్కులు తేలిగ్గా వస్తాయి. మిగతా రెండు వారాలు ప్రాక్టీస్ టెస్టులు, పాత ల్యాబ్స్ ఏమీ చూడకుండా మళ్ళీ కట్టడం. తప్పు పెట్టిన ప్రతి ప్రశ్నకీ మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు తప్పో కూడా రాసుకోండి.

పరీక్ష రోజు

పియర్సన్ వ్యూ ద్వారా బుక్ చేయాలి. ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది: ఇంటిపేరు. ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా, టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. అకౌంట్‌లో పేరు మీరు తీసుకెళ్ళే ఐడీ కార్డులో ఉన్నట్టే ఉండాలి. లేకపోతే లోపలికి పంపకపోవచ్చు, కట్టిన ఫీజు కూడా పోవచ్చు. బుక్ చేసేముందే సరిచూసుకోండి.

ఇంటి నుంచి రాసే అవకాశం ఉన్నా, నా సలహా సెంటర్‌కి వెళ్ళమనే. పరీక్ష మధ్యలో కరెంటు పోయిందా, తమ్ముడు గదిలోకి వచ్చాడా అన్న టెన్షన్ ఉండదు.

ప్రశ్నల్లో మల్టిపుల్ ఛాయిస్, డ్రాగ్ అండ్ డ్రాప్, ల్యాబ్ సిమ్యులేషన్లు ఉంటాయి. నెక్స్ట్ కొట్టాక వెనక్కి వెళ్ళడం కుదరదు. ఎంసెట్, గేట్‌లలో కష్టమైనవి వదిలి చివర్లో చూసుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఒక ప్రశ్న మీద రెండు నిమిషాలు దాటితే, తప్పని తెలిసిన ఆప్షన్లు కొట్టేసి మిగిలినదాంట్లో ఒకటి పెట్టి ముందుకెళ్ళండి. ల్యాబ్‌లకి టైమ్ మిగుల్చుకోండి. ల్యాబ్‌లో పని అయ్యాక కాన్ఫిగరేషన్ సేవ్ చేయమని అడిగితే తప్పక చేయండి. ఫెయిలైతే ఐదు రోజులు ఆగి మళ్ళీ రాయొచ్చు, కానీ మళ్ళీ పూర్తి ఫీజు. అందుకే తొందర వద్దు.

పాసయ్యాక ఏంటి?

సీసీఎన్ఏ రాగానే పెద్ద ప్యాకేజీ వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఫ్రెషర్‌కి మామూలుగా దొరికేది నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో ఉద్యోగం: షిఫ్టులు, రాత్రి డ్యూటీలు, అలారం చూడడం, టికెట్ తెరవడం. ఏడాదిన్నర కష్టంగానే ఉంటుంది, కానీ నిజం నెట్‌వర్క్‌లు చూస్తారు. అక్కడి నుంచి సెక్యూరిటీకి, క్లౌడ్‌కి, ఆటోమేషన్‌కి దారులున్నాయి. నాలా కోడింగ్ వైపు ఉన్నవాళ్ళకి ఇది జీతం పెంచే కాగితం కాకపోవచ్చు. "టైమ్‌అవుట్ వస్తోంది" అని టికెట్ రాసే బదులు "పోర్ట్ 443కి సిన్ వెళ్తోంది, జవాబు రావట్లేదు, మధ్యలో ఫైర్‌వాల్ చూడండి" అని రాయగలుగుతాం. నెట్‌వర్క్ టీమ్ మన టికెట్లు ముందు తీయడం మొదలుపెడుతుంది. నాకు ఆ ఒక్కటే ఫీజుకి సరిపోయింది.

చివరగా రెండు లెక్కలు. 10.20.45.130/28 ఏ నెట్‌వర్క్‌లో ఉంది? 172.20.99.7/19 బ్రాడ్‌కాస్ట్ ఏంటి? మొదటిదానికి 10.20.45.128, రెండోదానికి 172.20.127.255 అని రావాలి. కాగితం ముట్టుకోకుండా, ఒక్కోటి ఇరవై సెకన్లలో చెప్పగలిగిన రోజున డేట్ బుక్ చేసుకోండి. అప్పటిదాకా ఆ పాతికవేలు బ్యాంకులోనే ఉండనివ్వండి.